వాతావరణ మార్పు ఎవరి పాఠం? – కళాశాల బోధన, తెలుగు శాఖల బాధ్యత

ఉపోద్ఘాతం

కళాశాల స్థాయిలో పర్యావరణ విద్య నేడు ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడి లేదు. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దానిని తప్పనిసరి చేసింది. ఆ తీర్పు అమలులో భాగంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2003లో డిగ్రీ విద్యార్థులందరికీ ఉమ్మడి పాఠ్యప్రణాళికను రూపొందించింది. మొత్తం ఎనిమిది విభాగాలు, యాభై తరగతులు. మొదటి విభాగం పర్యావరణ అధ్యయనపు బహుశాస్త్ర స్వభావాన్ని గురించినది. దానికి కేటాయించినవి రెండు తరగతులు. వాతావరణ మార్పు ఆరవ విభాగంలో కనిపిస్తుంది. భూతాపం, ఆమ్లవర్షం, ఓజోన్ పొర క్షీణత, అణుప్రమాదాలు అన్నీ దానితో పాటు ఒకే పంక్తిలో ఉన్నాయి. ఆ విభాగంలోనే నిర్వాసితుల సమస్య, వర్షపు నీటి సంరక్షణ, ఐదు చట్టాలు కూడా ఉన్నాయి. వీటన్నింటికీ కలిపి ఏడు తరగతులు.

ఇరవై ఏళ్ళ తర్వాత, 2023లో వచ్చిన కొత్త చట్రం వాతావరణ మార్పుకు ప్రత్యేక విభాగం ఇచ్చింది. ఇది మెచ్చదగిన మార్పే. అయినా మౌలికమైన అమరిక మారలేదు. ఒక పేపరు, ఒక పరీక్ష, ఆ పేపరు బోధించడానికి పనిభారం తక్కువగా ఉన్న ఒక అధ్యాపకుడు. పలు కళాశాలలలో జరుగుతున్నది ఇదే. బహుశాస్త్రీయమని ప్రకటించిన అంశాన్ని ఏ శాస్త్రమూ తనదిగా భావించలేదు. ఓజోన్ పొరకు పడిన చిల్లు వల్లనే భూమి వేడెక్కుతోందని నమ్మే పట్టభద్రులు నేటికీ తారసపడటంలో ఆశ్చర్యం లేదు. రెండింటినీ ఒకే పంక్తిలో చదివి, ఒకే గైడులో బట్టీపట్టి, ఒకే రోజు మరిచిపోయినవారు వారు.

ఈ స్థితికి తెలుగు శాఖలు ఇచ్చే సమాధానం సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది. అది విజ్ఞానశాస్త్రం వారి పని అనడం మొదటిది. ప్రాచీన కావ్యాలలో పర్యావరణ స్పృహ అనే పేరుతో ఒక సదస్సు నిర్వహించి, ఒక సంకలనం ప్రచురించి బాధ్యత తీరిందనుకోవడం రెండవది. మొదటిది పలాయనం, రెండవది అలంకారం. వాతావరణ మార్పు బోధన ఇవాళ విఫలమవుతున్న చోట్లలో కొన్ని ప్రధానంగా భాషకు సంబంధించినవనీ, వాటిని సరిదిద్దగల శిక్షణ తెలుగు శాఖల దగ్గరే ఉందనీ, ఆ పనిని వదులుకుని అవి తమ అసలు విద్యకే దూరమవుతున్నాయనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఒక మాట, నాలుగు అర్థాలు

తెలుగులో ‘వాతావరణం’ అనే మాట భూమిని ఆవరించిన వాయుమండలాన్ని సూచిస్తుంది. ఇవాళ ఎండా వానా అనే తాత్కాలిక స్థితిని సూచిస్తుంది. దశాబ్దాల సగటుగా ఏర్పడే దీర్ఘకాలిక స్థితిని కూడా, ‘వాతావరణ మార్పు’ అనే సమాసంలో, సూచిస్తుంది. ఇవి చాలనట్లు సభలో నెలకొన్న వాతావరణం, ఇంట్లో వాతావరణం అనే లాక్షణిక ప్రయోగాలు ఉండనే ఉన్నాయి. భూగోళ పాఠ్యపుస్తకాలు క్లైమేట్ అనే భావనకు ‘శీతోష్ణస్థితి’ అనే మాటను చాలాకాలంగా వాడుతున్నాయి. పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు, ప్రసార మాధ్యమాలు దానిని పక్కనపెట్టి ‘వాతావరణ మార్పు’ను స్థిరపరచాయి. పాఠశాలలో శీతోష్ణస్థితిని చదివిన విద్యార్థికి కళాశాలకు వచ్చేసరికి అదే భావన మరో పేరుతో, అదీ రోజువారీ వాన వార్తల పేరుతో, ఎదురవుతుంది.

దీని పర్యవసానం చిన్నది కాదు. ‘ఈ ఏడు చలి వణికించింది, ఇక భూతాపం ఎక్కడ?’ అనే ప్రశ్నను విద్యార్థి అజ్ఞానంగా కొట్టివేయడం తేలిక. ఆ ప్రశ్నను అతని చేత అడిగిస్తున్నది అతని భాషలోని పరిభాష. రోజు స్థితికీ, ముప్పై యాభై ఏళ్ళ సగటుకూ ఒకే పేరు ఉన్నప్పుడు, ఒక రోజు చలి ఆ సగటును ఖండించినట్లే తోస్తుంది. అర్థవిస్తృతి, అర్థసంకోచం, నానార్థాల మీద తెలుగు శాఖలలో ఏటా పాఠాలు జరుగుతాయి. ఉదాహరణలుగా ‘చీర’, ‘సాహసం’ వంటి మాటలే తిరిగి తిరిగి వస్తాయి. మన కళ్ళముందే, మన కాలంలోనే, ఒక సమాజపు అవగాహనను తారుమారు చేస్తున్న నానార్థకం మాత్రం ఆ పాఠంలోకి రాదు.

‘సాధారణం’ అనే మాటకూ ఇదే గతి. నైరుతి ఋతుపవనాల కాలంలో సాధారణ వర్షపాతం నమోదైందని వార్త వస్తుంది. భారత వాతావరణ శాఖ లెక్కలో దేశం మొత్తానికి ఆ ‘సాధారణం’ 1971 నుంచి 2020 వరకు కురిసిన వానల సగటు, అంటే సుమారు 87 సెంటీమీటర్లు. అంతకు ముందు వాడిన సగటు 88. నాలుగు శాతం అటూ ఇటూ అయినా దానిని సాధారణమనే అంటారు. ఇది గణాంకశాస్త్రపు పారిభాషిక పదం. తెలుగు పాఠకుడికి సాధారణం అంటే ‘ఎప్పటిలాగే’, ‘దిగులు పడనక్కర లేనిది’. సగటు కొలమానాన్నే కాలానుగుణంగా సవరిస్తారన్న సంగతి ఆ మాటలో వినిపించదు. నలభై రోజులు చినుకు లేక, ఆపై మూడు రోజుల్లో కుంభవృష్టి కురిసినా మొత్తం ‘సాధారణం’ కావచ్చునన్న సంగతి అసలే వినిపించదు.

ఇక్కడ రైతు భాష శాస్త్ర పరిభాష కంటే ఒక విషయంలో నిశితంగా ఉంటుంది. తొలకరి, జల్లు, ముసురు, దుక్కి వాన, పదును అనే మాటలు వాన పరిమాణాన్ని మాత్రమే చెప్పవు. ఆ వాన నేలకు ఏం చేసిందో చెబుతాయి. రెండున్నర మిల్లీమీటర్లు పడితే అది వాతావరణ శాఖకు ‘వాన కురిసిన రోజు’. ఆ వానకు పదును కాకపోతే రైతుకు అది వాన కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురిసే అనంతపురం ప్రాంతంలో వేరుశనగ విత్తనం నేలలో పడాలా వద్దా అన్నది ఈ తేడా మీదనే ఆధారపడి ఉంటుంది. ఈ రెండు కొలమానాలనూ పక్కపక్కన పెట్టి, ఏది ఏ ప్రశ్నకు సమాధానమో వివరించడం భూగోళ శాస్త్ర అధ్యాపకుడూ తెలుగు అధ్యాపకుడూ కలిసి చేయవలసిన పాఠం. ఒక్కరే చేస్తే అది సగం పాఠమే అవుతుంది.

‘వడగాలి’ మరొక ఉదాహరణ. హీట్ వేవ్ అనే భావనకు మనం దానిని పర్యాయంగా వాడుతున్నాం. మైదాన ప్రాంతంలో కనీసం 40 డిగ్రీలు, తీరప్రాంతంలో 37 డిగ్రీలు దాటి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు అధికమైతే వాతావరణ శాఖ ఆ హెచ్చరికను పరిగణిస్తుంది. తెలుగు మాటలో ఉన్నది మాత్రం గాలి. కోస్తాలో గాలి స్తంభించి, తేమ పెరిగి, చెమట ఆరని రోజును జనం ‘ఉక్కపోత’ అంటారు. ఉక్కపోతను అసౌకర్యంగా భావిస్తారే తప్ప ప్రాణాంతకంగా భావించరు. 2015 మే నెలలో దేశంలో ఎండకు మరణించినవారు రెండు వేలకు పైబడ్డారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు చెందినవారు. హెచ్చరిక ఏ మాటలో వెళ్ళిందో, విన్నవారికి ఆ మాట ఏ అర్థం ఇచ్చిందో పరిశీలించడం భాషాశాస్త్ర విద్యార్థికి తగిన పరిశోధన కాదా? ఇంతకంటే ప్రయోజనకరమైన అర్థవిచారం ఏముంటుంది?

2. గాలివాన ప్రతీక మాత్రమేనా?

సాహిత్యం విషయానికి వస్తే, తెలుగు శాఖలలో పర్యావరణ విమర్శ పేరిట జరుగుతున్న పరిశోధనలో అధికభాగానికి ఒకే మూస ఉంది. ఒక కావ్యాన్ని లేదా ఒక కవిని ఎంచుకోవడం, అందులోని చెట్లు, పక్షులు, నదులు, ఋతువుల వర్ణనలను పోగుచేయడం, ‘కవికి గల పర్యావరణ స్పృహ అపారం’ అని తేల్చడం. ఈ పద్ధతికి ఏ కావ్యమూ తప్పించుకోలేదు. అష్టాదశ వర్ణనలు విధిగా ఉన్న ప్రబంధ సంప్రదాయంలో ఋతువర్ణన లేని కావ్యం దొరకడమే కష్టం. ప్రతి గ్రంథానికీ వర్తించే నిర్ణయం ఏ గ్రంథాన్ని గురించీ ఏమీ చెప్పదు.

ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణననే తీసుకోవచ్చు. అందులో మేఘాల సౌందర్యంతో పాటు తడిసిన వంటచెరకుతో సతమతమయ్యే ఇల్లాలు, వానలో పొలం పని చేసుకునే రైతు కనిపిస్తారు. శ్రీకృష్ణదేవరాయలకు పర్యావరణ స్పృహ ఉందా అన్న ప్రశ్నకు విలువ లేదు. ఎడతెగని వాన ఏ ఇంట్లో ఏ పనిని కష్టతరం చేసిందో, ఆ కష్టం ఎవరి మీద పడిందో గమనించడానికి విలువ ఉంది. విపరీత వాతావరణపు భారం స్త్రీపురుషుల మధ్య, వర్గాల మధ్య సమంగా పంచబడదని ఇవాళ సామాజిక శాస్త్రవేత్తలు చెబుతున్నది ఇదే.

ఆధునిక కథ వద్ద ఈ లోపం మరింత స్పష్టమవుతుంది. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి వచ్చింది. తెలుగు చదివిన ప్రతి విద్యార్థికీ ఈ కథ పరిచితమే. తరగతి గదిలో గాలివాన అంటే రావుగారి అంతరంగంలో చెలరేగిన సంఘర్షణకు ప్రతీక. ఆయన ఏర్పరచుకున్న నియమబద్ధ జీవితం ఒక్క రాత్రిలో కూలిపోవడం కథాంశం. ఈ వ్యాఖ్యానం తప్పు కాదు. తుఫానును పూర్తిగా మనసులోకి మళ్ళించినప్పుడు మాత్రం కథలోని ఒక కఠోర సత్యం మరుగున పడుతుంది. ఆ రాత్రి తెల్లవారేసరికి బతికి ఉన్నది రావుగారు, చనిపోయినది బిచ్చగత్తె. ఒకే గాలివాన ఇద్దరినీ తాకింది. ఒకరికి అది ఆత్మపరిశీలన, మరొకరికి మరణం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పరగణాలో ఎవరి ఇంటి గోడ నిలిచింది, ఎవరి పాక కొట్టుకుపోయింది అన్నది గాలి నిర్ణయించింది మాత్రమే కాదు. ‘గాలివాన’ను దివిసీమ అనుభవం పక్కన పెట్టి బోధించినంత మాత్రాన ప్రతీక చెడిపోదు. ప్రతీకకు ఆధారమైన వాస్తవం విద్యార్థికి కనబడుతుంది.

పత్రికా భాషలో ఈ మళ్ళింపు మరో రూపం తాళ్చింది. ‘ప్రకృతి ప్రకోపం’, ‘వరుణుడి ఆగ్రహం’, ‘కన్నెర్ర చేసిన భానుడు’ వంటి పదబంధాలు ప్రతి విపత్తులోనూ పునరావృతమవుతాయి. కర్త స్థానంలో దేవతనో ప్రకృతినో నిలిపే ఈ వాక్యాలలో మానవ కర్తకు చోటుండదు. మిటిగేషన్ అనే భావనకు పలు అనువాదాలు వాడుతున్న ‘ఉపశమనం’ కూడా ఇటువంటిదే. నొప్పికి ఉపశమనం కలుగుతుంది. నొప్పి కలిగించిన చేతిని ఆపడం ఆ మాటలో లేదు. ఉద్గారాలను తగ్గించడమనే క్రియ అనువాదంలో ఆవిరైపోయింది. కర్త, క్రియ, కారకం నేర్పే శాఖకు ఈ వాక్యాలలో కర్త ఎందుకు లేడో అడిగే హక్కు ఉంది. ఆ హక్కును అది వినియోగించుకోవడం లేదు.

3. కార్తెలు, సామెతలు, శాసనాలు: గర్వానికీ సాక్ష్యానికీ తేడా

తెలుగు శాఖలు వాతావరణం గురించి మాట్లాడినప్పుడల్లా వినిపించే మరో ధోరణి పూర్వీకుల సర్వజ్ఞత. కార్తెల సామెతలను ఉటంకించి, మన పెద్దలకు అన్నీ తెలుసుననడంతో చర్చ ముగుస్తుంది. దీనికి ప్రతిబింబం వంటి వాదన మరొకటి ఉంది. మృగశిరలో వాన పడలేదు కాబట్టి సామెత తప్పింది, కాబట్టి వాతావరణం మారిపోయింది అనడం. ఈ రెండూ సామెతను పరీక్షించవు, వాడుకుంటాయి.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్ర భాగంలో ఉండే కాలం, సుమారు పదమూడు పద్నాలుగు రోజులు. ఇది నక్షత్రాలను ఆధారం చేసుకున్న లెక్క. ఋతువులు ఏర్పడేది భూమి అక్షం వంపు వల్ల. అయనచలనం కారణంగా ఈ రెండు లెక్కల మధ్య, గణిత పద్ధతిని బట్టి, సుమారు 60 నుంచి 72 ఏళ్ళకు ఒక రోజు తేడా వస్తుంది. కాకతీయ గణపతిదేవుని కాలంతో పోలిస్తే ఏ కార్తె అయినా ఋతుచక్రంలో పది పన్నెండు రోజులు ఆలస్యంగా వస్తోందన్న మాట. ఒక సామెత ఎప్పుడు పుట్టిందో తెలియనప్పుడు, అది నేటి వానకు సరిపోకపోవడంలో అయనచలనం పాలెంత, వాతావరణ మార్పు పాలెంత, ఏటా సహజంగా ఉండే హెచ్చుతగ్గుల పాలెంత అన్నది విడదీయకుండా నిర్ణయం చేయరాదు. ఆ సామెత కోస్తాదా, తెలంగాణదా, సీమదా అన్నది కూడా తేలాలి. మఖ, పుబ్బ కార్తెలలో వాన లేకపోతే క్షామమేనన్న సామెత ఆగస్టు, సెప్టెంబరు వానల మీద ఆధారపడిన పంటలున్న చోట ఒక అర్థమిస్తుంది. ఈశాన్య ఋతుపవనాల వానలు కూడా కురిసే దక్షిణ కోస్తాలో మరో అర్థమిస్తుంది.

ఇంత జాగ్రత్త అవసరమైన అంశం కాబట్టే ఇది అద్భుతమైన ఉమ్మడి పాఠం. ఖగోళ గణితం భౌతికశాస్త్ర విద్యార్థిది, మండల వర్షపాతపు పట్టికలు గణాంక విద్యార్థివి, సామెత పాఠాంతరాలూ ప్రాంతభేదాలూ తెలుగు విద్యార్థివి. సామెత నిజమో అబద్ధమో తేల్చడం ఈ పాఠానికి లక్ష్యం కానవసరం లేదు. ఒక వాక్యాన్ని సాక్ష్యంగా స్వీకరించే ముందు ఎన్ని ప్రశ్నలు వేయాలో నేర్పడం దాని లక్ష్యం. వాతావరణ శాస్త్రం అనుసరించేదీ ఆ క్రమశిక్షణనే. పాఠపరిష్కరణ నేర్పినదీ ఆ క్రమశిక్షణనే.

శాసనాల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ళలోని 1369 నాటి సంస్కృత శాసనం చెరువు నిర్మాణానికి పన్నెండు సాధనాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాలలో ఒకటి. నీరు ఎక్కువై నేల తక్కువ కావడం మరొకటి. రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం కూడా దోషమే. పొలిమేర నీటి తగాదాలు తెలిసిన నేటి విద్యార్థికి ఈ మూడవది విడమరచి చెప్పనక్కర లేదు. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అది దాదాపు ఏడు శాతం అధికంగా తేమను నిలుపుకోగలదు. పారిశ్రామిక యుగానికి ముందున్న స్థితితో పోలిస్తే భూమి సగటున 1.1 డిగ్రీల మేర వేడెక్కిందని అంతర్ప్రభుత్వ బృందం 2021లో ప్రకటించింది. కురిసినప్పుడు ఒక్కుమ్మడిగా కురవడం, మధ్యలో ఎడం పెరగడం దీని ఫలితాలు. అంటే నీటికీ నేలకూ మధ్య శాసనకర్త కోరిన సమతూకమే ఇవాళ రెండువైపులా చెదురుతోంది. గతకాలపు వరదను ఊహించి కట్టిన అలుగు, తెలంగాణ మాటలో మత్తడి, రేపటి వరదకు చాలుతుందా? తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ లక్ష్యంగా పెట్టుకున్న 46 వేలకు పైగా చెరువుల విషయంలో ఈ ప్రశ్న సివిల్ ఇంజనీరుదీ, చరిత్రకారుడిదీ, శాసన పాఠం చదవగలిగిన తెలుగు పరిశోధకుడిదీ. శాసనాన్ని లిపి పరిణామానికి ఉదాహరణగా మాత్రమే చదివించినంత కాలం ఆ ముగ్గురూ ఒక గదిలో కలుసుకోరు.

4. వాన ఒక్కటే కాదు, బొగ్గు కూడా

పర్యావరణ సాహిత్యం అనగానే వాన, నది, అడవి గుర్తుకురావడం సహజం. కారణాన్ని వదిలి ఫలితాన్ని మాత్రమే చదవడం ఆ అలవాటులోని లోపం. భూమి వేడెక్కడానికి ప్రధాన కారణం బొగ్గు, చమురు, సహజవాయువుల దహనం. తెలుగు నేలకు ఆ చరిత్రలో సొంత అధ్యాయం ఉంది. 1871లో ఇల్లందు పరిసరాలలో భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ బొగ్గును గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఆ గనుల నుంచి వచ్చిన తెలుగు కథ, నవల సామాన్యమైనవి కావు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితలు గని జీవితాన్ని నమోదు చేశారు.

ఆ సాహిత్యాన్ని కార్మిక పోరాట సాహిత్యంగా బోధించడం న్యాయమే. దానిని తగ్గించమని ఎవరూ కోరరు. ఆ కథలలోని కార్మికుడు ఊపిరితిత్తులు అరగదీసుకుని తవ్విన బొగ్గు ఏమైందన్న ప్రశ్న మాత్రం తరగతిలో ఎన్నడూ రాదు. దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో మూడింట రెండు వంతులకు పైగా నేటికీ బొగ్గు నుంచే వస్తుంది. 2070 నాటికి నెట్ జీరో సాధిస్తామని భారతదేశం 2021లో గ్లాస్గో సదస్సులో ప్రకటించింది. ఆ ప్రకటనకు, గనిమీద బతికే కుటుంబానికి మధ్య ఉన్న సంఘర్షణను ఏ పర్యావరణ గైడూ వివరించదు. గని మూతపడితే ఊరు ఏమవుతుందో, గని నడిస్తే ఎండ ఏమవుతుందో ఒకే కుటుంబంలో అనుభవించే విద్యార్థులు మంచిర్యాల, రామగుండం, కొత్తగూడెం కళాశాలలలో ఉన్నారు. వారికి ‘చెట్లు నాటండి’ అనే నినాదం పాఠం కాజాలదు. వారి ఊరి కథలే ఈ చిక్కును చర్చించడానికి సరైన ఆధారం.

బాధ్యత ప్రశ్న దేశాల మధ్య కూడా ఉంది. భారతదేశంలో ఏడాదికి తలసరి కర్బన ఉద్గారం సుమారు రెండు టన్నులు, ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ. అమెరికాలో అది పద్నాలుగు టన్నుల పరిసరాలలో ఉంది. ఒక అన్న అనంతపురంలో సేద్యం చేస్తూ, తమ్ముడు టెక్సాస్‌లో కొలువు చేస్తున్న తెలుగు కుటుంబాలు నేడు అరుదు కావు. కర్బన అసమానత అనే అంతర్జాతీయ సమస్య ఆ ఇంటి వాకిట్లోనే ఉంది. ప్రవాస కథను అస్తిత్వ వేదనగా, ఒంటరితనంగా మాత్రమే బోధించే పద్ధతికి ఈ కోణం కనబడలేదు.

5. అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం నైపుణ్యానికి సంబంధించినది. తెలుగు అధ్యాపకుడికి వాతావరణ శాస్త్రం రాదు కాబట్టి తప్పులు బోధిస్తాడన్న భయం సమంజసమైనదే. కార్తెల ఉదాహరణ ఆ ప్రమాదాన్ని రుజువు చేస్తుంది. దీనికి పరిష్కారం ఉమ్మడి బోధన. తెలుగు అధ్యాపకుడు ఉద్గారాల లెక్కలు బోధించనక్కర లేదు. ఆ లెక్కలు తెలుగులో ఏ మాటలతో చెప్పబడుతున్నాయో, ఆ మాటలు ఏం దాస్తున్నాయో బోధించాలి. ఆ పనిలో భౌతికశాస్త్ర అధ్యాపకుడే అతనికి విద్యార్థి అవుతాడు.

రెండవది సాహిత్య స్వయంప్రతిపత్తి గురించి. సాహిత్యాన్ని ఒక కార్యక్రమానికి సాధనంగా మార్చితే అది ప్రచారమవుతుందని కొందరి వాదన. వాతావరణ మార్పును నేర్పడానికని కథను ఎంపిక చేసి, అందులో సందేశం వెతికితే ఆ ఆరోపణ నిజమే అవుతుంది. ఇక్కడ కోరుతున్నది కొత్త సందేశం కాదు, ఉన్న పాఠాన్ని మరింత నిశితంగా చదవడం. ‘గాలివాన’లో చనిపోయినది ఎవరో గమనించమనడం ప్రచారం కాదు. పర్యావరణ ఉద్యమంలో పనిచేస్తూనే కథ రాసిన తల్లావజ్ఝల పతంజలిశాస్త్రికి 2023లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ రెండు పనులకూ వైరం లేదనడానికి తెలుగులోనే నిదర్శనం ఉంది.

మూడవది, ప్రతి మార్పునూ వాతావరణ మార్పు ఖాతాలో వేస్తారన్న అనుమానం. ఇది అన్నిటికంటే గట్టి అభ్యంతరం. బతుకమ్మకు గునుగు పూలు దొరకడం లేదని ఒక ఊరు చెబితే దానికి కలుపుమందు కారణం కావచ్చు, బీడు తగ్గడం కావచ్చు, వాన తీరు మారడం కావచ్చు. ఏది ఎంతో తేల్చకుండా వ్యాసం రాసే అలవాటు మనకు ఉన్నమాట నిజం. అలవాటును మానుకోవాలి. దానిని సాకుగా చూపి ప్రశ్ననే మానుకోవడం పరిష్కారం కాదు.

6. చేయదగిన పని

కొత్త పేపరు ఏదీ అక్కరలేదు. ఉన్న పేపర్లలోనే నాలుగు పనులు సాధ్యమవుతాయి.

ఒకటి, పదసేకరణ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు సంబంధించినది. ఊరూరా తిరిగి సేకరించిన ఆ పదాలు అరవై ఏళ్ళ కిందటి నేలకు, నీటికి, సేద్యానికి సాక్ష్యాలు. ఆయా ప్రాంతాలలో అవే భావనలకు నేడు ఏ మాటలు ఉన్నాయో, ఏవి వృద్ధుల నోట మాత్రమే మిగిలాయో పునఃపరిశీలించడం ఒక తరం పరిశోధకులకు సరిపడే పని. మాట పోవడానికి ట్రాక్టరు కారణమా, బోరుబావి కారణమా, వాన కారణమా అని వేరుచేసి చూపగలిగితే అది శాస్త్రవేత్తలు ఎదురుచూసే పరిశోధన అవుతుంది.

రెండు, పరిభాష. శీతోష్ణస్థితి, వాతావరణం, వాయుమండలం అనే మూడు మాటలకు మూడు అర్థాలు స్థిరపరచి, పాఠ్యపుస్తకాలలో ఒకే తీరున వాడేలా తెలుగు శాఖలు, శాస్త్ర శాఖలు కలిసి నిర్ణయించాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాల పనికి వేసిన బాట ఉంది. దానిని ఈ రంగానికి పొడిగించాలి.

మూడు, ఉమ్మడి తరగతి. ఒక సెమిస్టరులో మూడు వారాలు చాలు. ఒక వారం ఒక శాసనం, ఒక వారం ఒక కార్తె, ఒక వారం ఒక కథ. ప్రతి వారానికీ ఇద్దరు అధ్యాపకులు. పరీక్షలో ‘పర్యావరణ స్పృహను వివరింపుము’ అనే ప్రశ్నకు బదులు, ఒక విపత్తు వార్తను ఇచ్చి, అందులోని వాక్యాలలో కర్త ఎవరో, ఎవరు కావలసిందో రాయమనవచ్చు.

నాలుగు, పరిశోధన అంశాల ఆమోదం. వర్ణనలను పోగుచేసే సిద్ధాంత వ్యాసాలకు ఇక స్వస్తి చెప్పాలి. ఈ రచనలో ప్రకృతి ఉందా అని అడిగితే జవాబు ఎప్పుడూ ఉందనే వస్తుంది. ఈ రచనలో వానకు, ఎండకు, బొగ్గుకు మూల్యం ఎవరు చెల్లించారు అని అడిగితే ప్రతి రచనకూ జవాబు మారుతుంది. మారే జవాబు ఉన్న ప్రశ్నే పరిశోధనకు అర్హమైనది.

ముగింపు

తెలుగు శాఖలలో చేరుతున్న విద్యార్థులలో గణనీయమైన భాగం సేద్యపు కుటుంబాలవారు, గని కుటుంబాలవారు, తీరగ్రామాలవారు. ‘సాధారణ వర్షపాతం నమోదు’ అనే వార్తను పత్రికలో చదివి, ఎండుతున్న చేను గట్టు మీదుగా నడిచి తరగతికి వచ్చే విద్యార్థి వారిలో ఉన్నాడు. ఆ వార్తకూ ఆ చేనుకూ మధ్య ఉన్న వైరుధ్యం అతనికి పొద్దుటే అర్థమైంది. దానిని చెప్పే భాష అతనికి ఇంకా అందలేదు. పర్యావరణ పేపరు అతనికి నిర్వచనాలు ఇచ్చింది. తెలుగు పేపరు అతనికి ఋతువర్ణనలు ఇచ్చింది. తన కళ్ళతో చూసినదాన్ని సరైన మాటలో పెట్టి, దానికి సాక్ష్యం చూపి, బాధ్యులెవరో అడగగలిగే శక్తిని ఏ పేపరూ ఇవ్వలేదు. భాషాసాహిత్యాల శాఖ ఇవ్వవలసినది అదే. దానిని మరొక శాఖ వచ్చి ఇస్తుందని ఎదురుచూడడం న్యాయం కాదు.